పికప్ లైనుకి ముందే వెళ్ళండి

బడి బెల్లు కొట్టిన పావుగంటకి వెళ్తే లైనుండదు, రెండు నిమిషాల్లో పిల్లల్ని ఎక్కించుకుని వచ్చెయ్యొచ్చు. డాలస్ వైపు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబానికి ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. వినకండి. మూడుంబావుకి బడి వదిలేట్టయితే రెండున్నరకే కారు తీసుకెళ్ళి లైన్లో పెట్టండి.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగుల్లో గరాజ్ తలుపు లేస్తుంది, కారు పోతుంది, తలుపు దిగుతుంది. పక్కింట్లో ఎవరున్నారో ఏడాదైనా తెలియదు. 1969లో అమెరికాలో 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో నూటికి 48 మంది నడిచో సైకిలెక్కో బడికెళ్ళేవాళ్ళు. 2009కి ఆ లెక్క 13కి పడిపోయింది. ఆ నడకతోపాటు దారిలో ఎదురయ్యే మనుషులూ పోయారు. ఊళ్ళో రచ్చబండ చేసే పని ఇక్కడ ఈ లైనొక్కటే చేస్తోంది.

బడి మీ ఇంటికి రెండు మైళ్ళు దాటి ఉంటే బస్సు రావచ్చు. వచ్చినా వారానికి రెండు రోజులు మాన్పించండి. బస్సు క్షేమం కాదని కాదు, బస్సెక్కిన పిల్లల తల్లిదండ్రులు ఒకరికొకరు తారసపడరు.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. ఆరు నెలలుందామని వచ్చి, మీరు ఆఫీసు కాల్స్‌లో ఉంటే పగలంతా సోఫాలో కూర్చునేవాళ్ళు వాళ్ళు. కొన్ని బడుల్లో కార్లు రెండు వరసలుగా ఆగుతాయి. నాన్నగారిని పక్క వరస వైపు కూర్చోబెట్టి అద్దం దించండి. అవతలి కారులోనూ ఓ పెద్దాయన ఉంటారు. "మీదే ఊరండీ?" అంటే "తెనాలండీ" అంటారు. "మా తోడల్లుడిది అక్కడే, చెంచుపేట" అని మొదలవుతుంది. బెల్లు కొట్టేలోపు చుట్టరికమో, కనీసం ఉమ్మడిగా తెలిసిన మేష్టారో బయటపడతారు. మర్నాడు రెండింటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది మీ నాన్నగారే.

ఎండలు తగ్గాక ఇంజను ఆపెయ్యండి. పది సెకన్లు దాటి ఆగేటప్పుడు ఆపి మళ్ళీ స్టార్టు చేస్తేనే పెట్రోలు తక్కువ ఖర్చవుతుంది, పొగ కూడా పిల్లల మొహాన కొట్టదు. ఫోను తియ్యకండి. టెక్సాస్‌లో స్కూల్ జోన్లో నడుస్తున్న కారులో ఫోను చేత్తో పట్టుకుని వాడటం నేరం. ఆగిన కారులోనూ వద్దనే అంటాను, ఫోను చూస్తున్నవాళ్ళని ఎవరూ పలకరించరు.

ముందు కారువాళ్ళు చిన్నపిల్లకి సీటు బెల్టు పెట్టడంలో ఆలస్యమైతే హారన్ కొట్టకండి. వాకీటాకీలో కార్ల నంబర్లు చదివే టీచరుకి రోజూ నమస్కారం పెట్టండి. ఇళ్ళవాళ్ళ డ్రైవ్‌వేలకి మాత్రం అడ్డం పెట్టకండి, వాళ్ళ కోపం న్యాయమైంది.

లైను కుదించడానికి బడులు యాప్‌లు తెస్తున్నాయి. మీ బడి పీటీఏ మీటింగులో ఆ మాటొస్తే చెయ్యెత్తి వద్దని చెప్పండి.