పడ్డవాళ్లు, తోసినవాళ్లు

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడని మన సామెత. జర్మన్ క్లబ్బులు దాన్ని రాతిమీదికే ఎక్కించాయి. యుద్ధంలో చనిపోయిన సభ్యుణ్ణి వాళ్ల భాషలో ‘గెఫాలెన్’ అంటారు. అంటే పడ్డవాడు. తనే పడ్డాడా, ఎవరైనా తోశారా అని మాత్రం అడక్కండి, ఫలకం మీద అంత చోటుండదు. మన పత్రికల్లోనూ సైనికుడు చచ్చిపోడు, నేలకొరుగుతాడు. ఈ విషయంలో భాషలన్నీ చుట్టాలే.

ముగ్గురు జర్మన్లు కలిస్తే సంఘం పెడతారని వాళ్లే జోకులేసుకుంటారు. వ్యాయామానికో సంఘం, పాటకో సంఘం, తుపాకీ గురికో సంఘం, కొండలెక్కడానికో సంఘం. 1914లో ఇన్ని సంఘాల కుర్రాళ్లూ ఒకే దారిన నడిచారు. నాలుగేళ్లలో సుమారు 20 లక్షల మంది జర్మన్ సైనికులు పోయారు. మిగిలిన సభ్యులు ఫలకాలు పెట్టించారు. హాలు గోడకో, మైదానం గేటు పక్కనో ఇప్పటికీ కనిపిస్తాయి. పైన ఇనుప శిలువ, చుట్టూ ఓక్ ఆకులు, కింద పేర్లు. చాలాచోట్ల ఆ పేర్ల కిందే 1939–1945 అని ఇంకో వరస. మొదటి వరస చెక్కినప్పుడే అడుగున కాస్త రాయి మిగిల్చిన శిల్పి ముందుచూపును మెచ్చుకోవాల్సిందే!

ఈ రెండో వరస కుర్రాళ్లు పోలండ్‌లో, రష్యాలో ఏ పనిమీద ఉండగా పడ్డారో రాయి చెప్పదు. ఎవరి ఇంట్లో దూరారో చెప్పదు. చదివితే ఊళ్లో పిడుగుపడి పోయారేమో అనిపిస్తుంది.

మొదటి వరసలో యూదుల పేర్లూ ఉన్నాయి. ఆ యుద్ధంలో జర్మనీ కోసం సుమారు 12,000 మంది యూదు సైనికులు చనిపోయారు. గోడమీద వాళ్లతో పేచీ లేదు. బతికొచ్చి క్లబ్బు చందా కట్టినవాళ్లతోనే వచ్చింది. 1933 ఏప్రిల్‌లో దక్షిణ జర్మనీలోని 14 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కొత్త నాజీ ప్రభుత్వానికి తోడుంటామని, ముఖ్యంగా క్రీడాసంఘాల నుంచి యూదులను తీసేసే పనిలో సహకరిస్తామని ప్రకటించాయి. అప్పటికి ఏ చట్టమూ వాటి మెడమీద కత్తి పెట్టలేదు. ఉత్సాహం ఆగలేదు, అంతే.

వాటిలో కార్ల్స్‌రూహె క్లబ్బు ఒకటి. యూదు ఆటగాడు యూలియుస్ హిర్ష్ 1902 నుంచి దాని సభ్యుడు. 1910లో దేశ విజేతగా నిలిచిన జట్టులో ఆడాడు. 1912లో జర్మనీ తరఫున నెదర్లాండ్స్‌పై ఒకే మ్యాచిలో 4 గోల్స్ కొట్టాడు. యుద్ధానికెళ్లి ఇనుప శిలువ పతకం తెచ్చుకున్నాడు. సోదరుడు లియోపోల్డ్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. క్లబ్బుల ప్రకటన పత్రికలో చదివి హిర్ష్ తనే రాజీనామా రాశాడు. గెంటే శ్రమ కూడా క్లబ్బుకు మిగల్చలేదు. 1943 మార్చి 1న ఆయన్ని ఆష్విట్జ్‌కు పంపారు. తిరిగి రాలేదు. తర్వాత కోర్టు ఆయన మరణ తేదీని 1945 మే 8గా రాసుకుంది. అది ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజు. కాగితానికి ఏదో ఒక తేదీ కావాలి కదా!

హిర్ష్ చేసిన పొరపాటల్లా 1918లో చచ్చిపోకపోవడం. అప్పుడే పోయుంటే వీరుడయ్యేవాడు, పేరు మీద ఓక్ ఆకులు పరిచేవాళ్లు. యుద్ధంలో పడలేదు గనక పడ్డవాళ్ల జాబితాకు పనికిరాడు. తోసేసినవాళ్ల జాబితా చెక్కించే అలవాటు క్లబ్బులకు లేదు. 2005 నుంచి జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆయన పేర అవార్డు ఇస్తోంది. అరవై ఏళ్లే పట్టింది. కొన్ని క్లబ్బులు ఈమధ్య పాత కాగితాలు తిరగేస్తున్నాయి. మిగతావి నవంబరులో సంతాప దినాన దండ వేసి, నిమిషం మౌనం పాటించి, సంవత్సరమంతా ఆ మౌనాన్నే పొడిగిస్తాయి.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకో మాట. మీ క్లబ్బు గోడమీద అలాంటి ఫలకం కనిపిస్తే పేర్లన్నీ చదవండి, గౌరవంగానే చదవండి. ఆ తర్వాత కార్యదర్శిగారిని 1933 నాటి సభ్యుల రిజిస్టరు చూపించమనండి. చందా బాకీలు రాసి దాచుకునే క్లబ్బు ఎవరి పేరు ఎప్పుడు కొట్టేసిందో కూడా రాసే ఉంటుంది.