ఛత్రినాక షౌకీను

విద్యార్థి తన చదువుతోపాటు, దానితో సంబంధం లేకుండా, ఎవరూ చెప్పకుండానే శ్రద్ధగా చేసే పనికి పాఠ్యగ్రంథాల్లో అభిరుచి అనీ, ఉద్యోగపు దరఖాస్తుల్లో హాబీ అనీ, ఇంట్లో పిచ్చి అనీ పేర్లున్నాయి గాని, హైదరాబాదు పాతబస్తీలో ఈ మూడింటినీ మింగి నిలిచిన మాట షౌక్. తహతహ అనే అర్థంతో అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా పట్నపు తెలుగులోకి దిగిన మాట ఇది. షౌక్ కలవాణ్ణి షౌకీను అంటారు. అభిరుచి మనిషి చేతిలో ఉంటుంది, షౌక్ చేతిలో మనిషి ఉంటాడు. ఈ రెంటికీ గల భేదం ఇంతే. పట్టభద్రుడు కావలసిన ఈడులో షౌక్ చేతికి చిక్కి, రెండు కాళ్ళనూ రెండు పడవల్లో కాక ఒకే పడవలో పెట్టి, ఆ పడవ చదువుదేనని ఇంటివారిని నమ్మించే యువకుడే ఈ పరిశీలనకు విషయం.

ఇతని నివాసం చార్మినార్‌కు దక్షిణాన, లాల్ దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడల నడుమ ఉన్న ఛత్రినాక. ఛత్రి అంటే గొడుగు, నాకా అంటే రాకపోకలను కనిపెట్టి ఉండే చౌకీ. ఆ ఊరిపేరు ఎలా వచ్చినా, ఇతని విషయంలో రెండు మాటలూ సార్థకాలే. ఇంటివారి గొడుగు నీడన బతుకుతూ ఇంటివారి నాకాను తప్పించుకొని తిరగడమే ఇతని దినచర్య. ఇతణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. కుడిచేతి చూపుడువేలి మీద సన్నని గాట్లు, వాటి మీద ప్లాస్టర్ పట్టీ, ఆకాశాన్ని చూసిచూసి వెనక్కి వాలిన మెడ, గుర్తింపు కార్డు తగిలించుకోవలసిన రిబ్బనుకు ఏదో తాళంచెవి, బరువు తక్కువైన పుస్తకాల సంచీ, ఇవి ఇతని లక్షణాలు. కిందిగదిలో ఇతని బల్ల ఉంటుంది, బల్ల మీద పుస్తకం తెరిచే ఉంటుంది. ఇతడు మాత్రం డాబా మీద ఉంటాడు.

షౌక్‌లలో అగ్రస్థానం పతంగిది. నిలువుగా ఒక వెదురుబద్ద, విల్లులా వంచిన మరో బద్ద, వాటిమీద పలుచని రంగుకాగితం అతికిస్తే పతంగి ఆకారం వస్తుంది గాని, అది ఎగరాలంటే సూత్రం కట్టాలి. బద్దలు కలిసేచోట ఒకటి, కిందివైపు ఒకటి రంధ్రాలు పొడిచి, దారం రెండు కొసలనూ ముడివేసి, బరువు సరిగా తూగేలా కొలత చూసుకోవడమే సూత్రం కట్టడం. ఆ కొలత వెంట్రుకవాసి తప్పినా పతంగి ఒక పక్కకు ఒరిగి గిరికీలు కొడుతుంది. గణితంలో ఏ సూత్రమూ జ్ఞాపకముండని ఈ విద్యార్థి ఈ సూత్రం విషయంలో కొలబద్ద కూడా అడగడు. వీధిలోని పిల్లలంతా తమ పతంగులు పట్టుకొని ఇతని ముందు వరుసకట్టి నిలబడతారు. ఏ అధ్యాపకునికీ దక్కని శిష్యగణం ఇది.

అన్నం గంజిలో రంగును, మెత్తగా నూరిన గాజుపొడిని కలిపి, నూలుదారానికి పట్టించి ఆరబెడితే మాంజా అవుతుంది. దాన్ని చుట్టే చక్రం చరఖా. రెండు పతంగుల మాంజాలు గాలిలో ఒకదాని మీద ఒకటి పడి, ఏదో ఒకటి తెగేవరకు సాగే ద్వంద్వయుద్ధం పేంచ్. అందులో దారాన్ని వదులుతూ పోతే ఢీల్, సర్రున లాగితే ఖీంచ్. కదులుతున్న దారంలో రాపిడి పొడవంతా పరచుకుంటుంది గనుక ఎక్కడా లోతుగా కోసుకుపోదనీ, కదలకుండా నిలిచిన దారం ఒకేచోట అరిగి తెగిపోతుందనీ, కాబట్టి పేంచ్‌లో ఓడేది బలం తక్కువైనవాడు కాదు, చేయి ఆగినవాడనీ ఇతడు పక్కడాబా మిత్రునికి గంటసేపు విడమరచి చెప్పగలడు. అదే వారం భౌతికశాస్త్రపు ప్రశ్నపత్రంలో ఘర్షణ గురించి వ్రాయమంటే, అది సిలబస్‌లో లేదని బయటికి వచ్చి వాదిస్తాడు. అవతలి పతంగి తెగినప్పుడు డాబాల మీద ‘అఫా’ అని లేచే కేకలో ఛత్రినాక, లాల్ దర్వాజా, శాలిబండ ఏకమవుతాయి. ఇతడు ఫలితాల రోజున వినాలని ఇంటివారు ఆశించిన జయధ్వానం ఇతనికి సంక్రాంతికి ముందే వినబడి ఉంటుంది.

ఈ షౌక్‌కు నీతి లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. పక్షుల రెక్కలను, ద్విచక్రవాహనాల మీద వెళ్ళేవారి మెడలను కోస్తున్న నైలాన్, సింథటిక్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించింది. జనం చైనా మాంజా అని పిలిచేది దీన్నే. నిజమైన షౌకీనుకు ఆ నిషేధం అవసరం లేదు. నూలు మాంజా కానిదాన్ని అతడు ముందునుంచీ దొంగదెబ్బగానే లెక్కిస్తాడు. దాని దుష్ఫలితాలపై డాబా మీద ఇతడిచ్చే ఉపన్యాసం వినదగినది. డిగ్రీలో తప్పనిసరి అయిన పర్యావరణ అధ్యయనం పేపరు ఇతనికి ఇంకా మిగిలే ఉందన్న సంగతి ఆ ఉపన్యాసానికి అడ్డు రాదు.

పతంగుల గాలి తగ్గాక నాణేల కాలం వస్తుంది. అబిడ్స్ నుంచి కోఠి వరకు ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పరచే పాతపుస్తకాల బజారుకు సెమిస్టర్ గైడు కొనడానికని బయలుదేరినవాడు, గైడు డబ్బులతో నిజాం కాలపు నాణెం ఒకటి, తపాలాబిళ్ళలు రెండు పట్టుకొని తిరిగివస్తాడు. హైదరాబాదు సంస్థానం 1869 నుంచే సొంత తపాలాబిళ్ళలు వేసుకున్నదనీ, దానికి హాలీ సిక్కా అనే సొంత రూపాయి ఉండేదనీ, ఏడు హాలీ రూపాయలిస్తే బ్రిటిషువారి కల్దార్ రూపాయలు ఆరు వచ్చేవనీ ఇతడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఈ మారకపు లెక్క ఇతనికి నిత్యజీవితంలోనూ ఉపయోగపడుతుంది. విశ్వవిద్యాలయంలో వచ్చిన ఆరు మార్కులు గడప దాటి ఇంట్లోకి రాగానే ఏడవుతాయి.

అదే బజారులో ఇతనికి శాస్త్రప్రమాణం కూడా దొరికింది. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల పట్టికలో పొట్టేళ్ళను, కోళ్ళను, లావుకపిట్టలను పందేనికి దింపడం, చిలుకలకు గోరువంకలకు మాటలు నేర్పడం కూడా ఉన్నాయి గనుక, డాబా మీద పావురాలను పెంచి, ఈల వేసి గుంపుగా ఎగరేసి, ఎదుటివాని పావురాన్ని తన గుంపులో కలిపి దించుకోవడం సనాతన విద్యేనని ఇతని వాదం. పట్టిక ఏ గ్రంథంలోనిదో తల్లి అడగదు గనుక ఆ వాదం ఇంట్లో చెల్లుబాటవుతున్నది.

ఆషాఢం వచ్చేసరికి వెదురుబద్ద, రంగుకాగితం మళ్ళీ చేతికి వస్తాయి. గోల్కొండలో మొదలైన బోనాలు, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళిని దాటి, లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి వద్దకు చేరేనాటికి ఇతని వీధివారు తొట్టెల కట్టాలి. వెదురుబద్దల చట్రానికి రంగుకాగితాలు అతికి అమ్మవారికి సమర్పించే ఊయల వంటి కట్టడం అది. ఫలహారం బండి ముందు తీన్మార్ దరువు వేయాలి, పోతరాజు వెంట నడవాలి, సోమవారం ఘటాల ఊరేగింపు ముగిసేదాకా నిద్రను వాయిదా వేయాలి. ఈ విధంగా ఇతని సంవత్సరం రెండు కాగితాల మధ్య తిరుగుతుంది. ఒకటి సంక్రాంతికి ఎగిరేది, రెండోది ఆషాఢంలో ఊరేగేది. ఈ రెండింటికీ అడ్డుపడేలా సరిగ్గా ఆ రోజుల్లోనే సెమిస్టర్ పరీక్షలు పెట్టి, మూడో కాగితాన్ని చేతికివ్వడం విశ్వవిద్యాలయం తనపై పూనిన పగ అని ఇతని నిశ్చితాభిప్రాయం. బోనాలను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పుడు తన దరువుకు ప్రభుత్వ గుర్తింపు వచ్చిందని సంతోషించాడు గాని, డిగ్రీ చదువుల్లో 2016లో వచ్చిన ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానంలో, అంటే కొన్ని పేపర్లను విద్యార్థే ఎంచుకొని వాటికి నిర్ణీత క్రెడిట్లు కూడబెట్టుకునే పద్ధతిలో, తాను ఎంచుకున్నవి ఒక్కటీ లేకపోవడం చూసి, ఎంపిక అనే మాటకు అర్థమేమిటని అడిగాడు.

అయినా ఇతడు విశ్వవిద్యాలయానికి వెళ్ళడని అనుకోవడం అన్యాయం. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్, అంటే నగరపు లోకల్ రైలు ఎక్కితే, యాకుత్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటి జామే ఉస్మానియా స్టేషను, దాని తరువాత ఆర్ట్స్ కాలేజీ స్టేషను వస్తాయి. దారి పొడవునా కిటికీలోంచి ఏ డాబా మీద ఎవరి పతంగి ఉన్నదో లెక్క చూసుకుంటూ వెళతాడు గనుక ఇతనికి ఈ ప్రయాణం అధ్యయనయాత్రే. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు దిగగానే ఇతడు చూసేది ఆ గ్రానైటు తోరణాలను కాదు, వాటిపై వాలిన పావురాలను. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధనను ఇతడు గౌరవిస్తాడు. డాబా మీద ఇతని హాజరు నూటికి నూరు.

1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి దించడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ తోడుగా ఉండేది. ఆ అనువాద విద్యకు ఈనాటి వారసుడు ఈ షౌకీనే అనడానికి ఇతడు ఉద్యోగాల కోసం తయారుచేసుకున్న రెజ్యూమేనే ఆధారం. అందులో పేంచ్ ‘ఒత్తిడిలో నిర్ణయసామర్థ్యం’గానూ, మాంజా పూయడం ‘ఉత్పత్తిరంగ అనుభవం’గానూ, పావురాలు ‘జీవవైవిధ్య పరిరక్షణ’గానూ, తీన్మార్ ‘సామాజిక భాగస్వామ్యం’గానూ అనువాదమై ఉంటాయి. మూలాన్ని ఎరిగినవారెవరూ ఇంటర్వ్యూ చేసేచోట ఉండరని ఇతని ధైర్యం.

ఇంటివారి వ్యాకరణం వేరు. తండ్రి తన కాలపు పతంగులను షౌక్ అనీ, కొడుకు పతంగులను పిచ్చి అనీ అంటాడు. ఈ రెండు మాటలకూ తేడా కేవలం కాలభేదం. కొడుకును మందలించడానికి మెట్లెక్కి డాబా మీదికి వచ్చిన తండ్రి, “పరీక్షలు నెత్తిమీదున్నయి, నీకు సిగ్గున్నదారా” అని మొదలుపెట్టి, మధ్యలో పైకి చూసి, పేంచ్ పడి ఉండటం గమనించి, “గట్ల గుంజకు, ఢీల్ ఇయ్యిరా, ఢీల్” అని ముగించడం ఈ ప్రాంతపు మందలింపులో కనబడే నిర్మాణం. ఈ ఇంట్లో చదువు నిజంగా సాగుతున్నది చెల్లెలి దగ్గరే. పేంచ్ నడుస్తున్నంతసేపూ వెనక నిలబడి చరఖా పట్టేది ఆమె. రెండు మోచేతుల మధ్య చరఖాను, మోకాళ్ళ మీద నోట్సును ఇరికించుకొని, దారం ఎంత పోతున్నదో చూడకుండానే చెప్పగలదు, అన్ని పేపర్లూ మొదటిసారే పాసవుతుంది. ఆమె షౌక్ ఏమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె వేసే గోరింట డిజైన్లకు వీధిలో గిరాకీ ఉంది గాని, దానికి ఇంట్లో పెట్టిన పేరు ‘పని’.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి చదువు, షౌక్ పరస్పర శత్రువులనీ, పరీక్షలు లేకపోతే షౌకీను సుఖంగా ఉంటాడనీ తోస్తుంది. అనుభవం దీనికి విరుద్ధంగా ఉన్నది. చివరి సెమిస్టర్ ముగిసి, మిగిలిన పేపర్లు కూడా గట్టెక్కి, చేతికి డిగ్రీ వచ్చిన మరునాటి నుంచి రోజంతా డాబా ఇతనిదే అయినా, ఇతడు డాబా ఎక్కడు. నాణేల డబ్బా తెరవడు, ఈల వేసినా ఆ ఈలలో పస ఉండదు, పావురాలు కూడా ఆ సంగతి పసిగట్టి గూళ్ళలోనే ఉండిపోతాయి. దీనికి కారణం పతంగిలోనే ఉంది. పతంగి గాలికి ఎగురుతుందని లోకం అనుకుంటుంది గాని, కిందినుంచి దారం వెనక్కి లాగిపట్టినంతకాలమే అది గాలికి ఎదురు నిలుస్తుంది. దారం తెగిన పతంగి స్వేచ్ఛ పొందదు, కొట్టుకుపోయి ఉప్పుగూడ పట్టాల పక్కన పడుతుంది. తెరిచి పెట్టిన పుస్తకం కిందిగదిలో లేనినాడు డాబా మీది షౌక్ కూడా అలాగే నేలకు దిగుతుంది.

ఈ సూత్రాన్ని పాఠంగా చదవకుండానే గ్రహించినవాడు గనుక, షౌకీను కొద్ది నెలల్లోనే ఉమ్మడి పీజీ ప్రవేశపరీక్షకు దరఖాస్తు చేస్తాడు. పిల్లవానికి ఇన్నాళ్ళకు చదువు మీద మనసు కుదిరిందని తండ్రి నలుగురికీ చెప్పుకుంటాడు, తల్లి లాల్ దర్వాజా అమ్మవారికి బోనం మొక్కుకుంటుంది. చెల్లెలు మాత్రం ఏమీ అనకుండా, అటక మీదినుంచి చరఖా దించి దుమ్ము దులుపుతుంది.