నేను పలికితేనే సొమ్ము

ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల. రేకుల షెడ్డు కింద సగం చెక్కిన నంది, వరసగా ఆంజనేయస్వాములు, పక్కన బల్ల మీద నేను. నన్ను సౌండ్ బాక్స్ అంటారు. కటింగ్ మిషన్ ఆడినప్పుడల్లా లేచే రాతిదుమ్ము నా ఒంటి నిండా పేరుకుంటుంది. సాయంత్రం శిల్పి ఆచారి గుడ్డతో తుడిచి చార్జింగుకు పెడతాడు.

క్యూఆర్ కోడ్‌కు ఎవరు డబ్బు పంపినా, ఇన్ని రూపాయలు అందాయని తెలుగులో గట్టిగా చెప్పడం నా పని. 2016లో యూపీఐ మొదలైనప్పుడు నాలాంటివాళ్లం లేము. కట్టినవాడు తన ఫోను చూపిస్తే దుకాణందారు దాన్నే నమ్మాలి. దొంగ స్క్రీన్‌షాట్లు, అచ్చం అసలులా కనిపించే నకిలీ యాప్‌లు వచ్చాక ఆ నమ్మకానికి చిల్లు పడింది. నాలో సొంత సిమ్ము ఉంది. కట్టినవాడి ఫోనుతో సంబంధం లేకుండా కబురు నేరుగా నాకే వస్తుంది. అటు కట్టేవాడికి కూడా, పిన్ను కొట్టకముందే అవతలివాడి పేరు తెర మీద కనిపిస్తుంది. ముక్కూమొగం తెలియని మనిషిని అనుమానంగా చూడాల్సిన పని తప్పడం చిన్న సంగతి కాదు.

కానీ నేను డబ్బుకే సాక్షిని, రాయికి కాదు. గద్వాల వైపు నుంచి ఒకాయన తమ ఊరి గుడికి మూడడుగుల వినాయకుడు కావాలని ఫోను చేశాడు. ఆళ్లగడ్డ చూడలేదు, ఆచారినీ చూడలేదు. వాట్సాప్‌లో వీడియో కాల్ పెట్టారు. ఆచారి రాయి మీద చెంబెడు నీళ్లు పోశాడు; పగులుంటే అక్కడ తడి ఆలస్యంగా ఆరి సన్నటి గీతలా తేలుతుంది. ఏ గీతా తేలలేదు. తర్వాత సుత్తితో తట్టాడు. ఖంగుమంది. శిల్పులు రాయిని చెవితోనే ఎంచుతారు, గంటలా మోగాలి.

“ఇంకోసారి కొట్టండి ఆచారీ,” అన్నాడాయన.

కొట్టాడు. కాసేపటికి అడ్వాన్సు 20,000 అందిందని పలికాను. తొండం తేలినప్పుడు ఒక ఫొటో పోయింది, బొజ్జ తేలినప్పుడు ఇంకొకటి. ఫొటో వెళ్లినప్పుడల్లా మరికొంత సొమ్ము వచ్చేది.

ఆయన వ్యానుతో వచ్చిన రోజు మిగతా బాకీ దగ్గర చిక్కొచ్చింది. ఆయన ఖాతాలో సొమ్ము తెగింది, నాకు కబురు లేదు.

“పైసలు కట్ అయినయ్ అన్నా, చూడు.”

“నాకింకా పడల్యా.”

ఇలాంటివాటికి 2019 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. దుకాణానికి చేరని యూపీఐ సొమ్ము 5 రోజుల్లో కట్టినవాడికి తిరిగి వెళ్లాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆచారికి ఆ సర్క్యులర్ సంగతి తెలీదు. ఆయన ఫోనులోని 12 అంకెల లావాదేవీ నంబరు చాక్‌పీసుతో గోడ మీద రాసుకున్నాడు. విగ్రహం చుట్టూ గడ్డి సర్ది, తాళ్లు బిగించి, వ్యాను పంపించేశాడు. నా గొంతు కోసం ఆగలేదు. అన్ని వారాలు విగ్రహాన్ని ఫొటోల్లో చూసుకున్న మనిషి ఆచారికి పరాయివాడు కాడు మరి.

సిగ్నలు వచ్చి నేను పలికాక ఆచారి వెంటనే ఫోను తీశాడు. “పడినాయి సామీ. యాడిదాకా పోయినారు? నంద్యాలా? ఆడ ఆగి టీ తాగి, తాళ్లు ఒకసారి సూసుకోండి.”