డీలర్ లేని నత్రజని

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో చెప్పులకు కూడా యూరియా మీద ఆశ పుట్టింది. తెల్లవారకముందే గోదాం ముందు బారులు తీరాయి. వాటి వెనక పాస్‌బుక్కులు, ఆధార్ జిరాక్సులు, అవి ఎగిరిపోకుండా రాళ్లు. యజమానులు చెట్టు కింద. ఆ బారు మీదుగా వీచే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. దానికి బస్తా లేదు గనక ఎవరూ లెక్కచేయలేదు.

ఆ గాలిని పట్టి మొక్కకు పెట్టే కూలీ ఒకడున్నాడు. పేరు రైజోబియం, జాతి బ్యాక్టీరియా. కందో పెసరో మినుమో, పూతకొచ్చే వేళ ఒక మొక్కను తడి నేలలోంచి మట్టితో సహా మెల్లగా లేపి, వేళ్లు కడిగి చూడండి. బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించిందా, వాడు డ్యూటీలో ఉన్నట్టే. అదే పనికి యూరియా ఫ్యాక్టరీ సహజవాయువు తాగుతుంది, కొలిమంత వేడి కావాలంటుంది. వీడికి మొక్క పెట్టే కాస్త చక్కెర చాలు. ర్యాకు రాలేదనడు, కమిషన్ అడగడు, బస్తాతో పాటు అక్కర్లేని సీసా అంటగట్టడు. ఇన్ని దుర్గుణాలున్నవాణ్ణి ఏ వ్యవస్థ భరిస్తుంది చెప్పండి!

అలాగని పప్పుకు మర్యాద తక్కువేం కాదు. 2016ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పప్పుధాన్యాల సంవత్సరమంది. అంతకు ముందేడు కందిపప్పు కిలో 200 రూపాయలకు ఎగబాకడం చూసిన మన రైతు, 2016లో విరగపండించాడు. పంట యార్డుకొచ్చేసరికి ధర మద్దతు ధరకన్నా కిందికి దిగి కూర్చుంది. ఏటేటా కందులు కొంటామని కేంద్రం మొజాంబిక్‌తో సంతకాలు చేసిందీ ఆ 2016లోనే. 2022లో తాండూరు కందికి జీఐ ట్యాగు. 2025 అక్టోబరులో 11,440 కోట్లతో పప్పుల స్వావలంబన మిషన్. ఆ ఏడు క్వింటా కందికి మద్దతు ధర 8,000. విదేశీ కందులకేమో ఆ ఏడూ సుంకం లేని దారి. ఓడ ఎవరిదైతేనేం, రేవు మనదే కదా, స్వావలంబనకు లోటేముంది?

వరికి ఇన్ని సన్మానాలు లేవు పాపం. ఉచిత కరెంటు, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం, సన్నాలకు క్వింటాకు 500 బోనస్, అంతే. అయినా రైతు వరే వేస్తాడు. అతన్ని మొండివాడంటారు గానీ, అంత గట్టిగా లెక్క తెలిసినవాణ్ణి నేను బడ్జెట్ రాసేవాళ్లలో కూడా చూడలేదు.

ఇక పంట మార్పిడి సదస్సులంటారా, అన్నీ ఒక్క తీరే. "పత్తిలో నాలుగైదు సాళ్లకు ఒక సాలు కంది వేయండి, వరి కోశాక పెసర వేయండి, భూసారం పెరుగుతుంది" అంటారు సారు. మాట అక్షరాలా నిజం. వెనక బెంచీ మీది పెద్దాయన లేస్తాడు.

"మా నాయిన అట్లనే ఏసేటోడు సారూ. ఇప్పుడు ఏసుడు మా వంతు, తినుడు కోతుల వంతు. అవి ఇడిస్తే అడివి పందులు. వాటికేమన్న జేస్తరా?"

"అది అటవీ శాఖ."

"మరి పండినయి కొనేదెవరు?"

"అది మార్కెటింగ్."

"ఇత్తనాలు అదునుకు రాలే."

"అది విత్తన సంస్థ."

"మరి మీరేంది సారూ?"

"మేం అవగాహన."