గాజుతొట్టె పద్యం: టీకా తాత్పర్య సహితం

గాజుతొట్టెలోన గడ్డి పెంచు ఘనుడు
లైటు నార్పవలయు లక్ష్యముగను
నాచు పట్టెనేని నత్తలే దిక్కయా
మొక్క బతికినపుడె మురియుమయ్య

టీక: గాజుతొట్టెలోన = రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల అక్వేరియంలో (అంచుదాకా నింపితే సుమారు 56 లీటర్లు; హాల్లో టీవీ పక్కన పట్టేది అంతే); గడ్డి = వాలిస్నేరియా మొదలైన నీటిమొక్కలను; పెంచు = పెంచుతున్నాననుకొను; ఘనుడు = గృహస్థుడు (ఇల్లాలి గొంతుతో చదువుకోవాలి); లైటున్ = తొట్టె మూతకున్న దీపాన్ని; ఆర్పవలయున్ = ఆర్పెయ్యాలి; లక్ష్యముగను = యతి కోసం వచ్చింది, అర్థం వెతకనక్కర్లేదు. తక్కినవి సులభం.

తాత్పర్యం: అక్వేరియంలో మొక్కలు పెంచేవాడు వేళకు లైటు కట్టేయాలి. నాచు పడితే నత్తలను నమ్ముకోవాలి. మొక్క నిలదొక్కుకునేదాకా బంధువులకు ఫొటోలు పంపకూడదు.

విశేషాలు: ‘గడ్డి’ అని కవి అన్నింటినీ ఒక గాట కట్టడం వల్ల చాలా మొక్కలు చచ్చాయి. వాలిస్నేరియా నిజంగా గడ్డిలాంటిదే, వేళ్లు ఇసుకలో దిగాలి. పశ్చిమాఫ్రికా వాగుల్లో పుట్టిన అనూబియాస్ సంగతి వేరు. అల్లం కొమ్ములా అడ్డంగా పాకే దాని దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. గులకరాయి మీద పెట్టి కుట్టుదారంతో రెండు చుట్లు చుట్టాలి, వేళ్లు వాటంతటవే రాయిని పట్టుకుంటాయి.

లైటు ఎన్ని గంటలో కవి చెప్పలేదు. అనుభవజ్ఞులు ఆరు నుంచి ఎనిమిది అంటారు. కొత్తగా కొన్నవాడికి మాత్రం రాత్రి పదకొండు దాకా వెలగాలనే ఉంటుంది, చుట్టాలు చూడొద్దూ! మొక్క వాడుకోలేని వెలుతురు నాచు పాలవుతుంది. దానికి చేపలు వదిలేసిన మేత తోడైతే అద్దం పచ్చబడడం ఎంతసేపు? తొట్టెను కిటికీ ఎండలో పెట్టినవాడిని ఏ వ్యాఖ్యాతా రక్షించలేడు.

‘నత్తలే’ అనడానికి ప్రమాణం ఉంది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గాజుపాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియాను కలిపి పెంచాడు. మొక్క ఇచ్చే ఆక్సిజన్ చేపలకు సరిపోయిందిగానీ, రాలిన ఆకులు కుళ్లి నీళ్లు మురికయ్యాయి, పాకుడు పట్టింది. అప్పుడు చెరువు నత్తలను దించాడు. అవి కుళ్లును తిన్నాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి. ఈ వివరం 1850లో కెమికల్ సొసైటీకి సమర్పించాడు.

ఇక్కడ ‘రొయ్యలే దిక్కయా’ అని ఒక పాఠాంతరం వినిపిస్తుంది. నీటిమొక్కల అలంకరణను కళగా మార్చిన జపాన్ వాసి తకాషి అమానో (1954–2015) నాచు తినే చిన్న రొయ్యలను తొట్టెల్లోకి తెచ్చాడు, అవి ఆయన పేరుతోనే అమ్ముడవుతున్నాయి. శాస్త్రరీత్యా మంచి పాఠమే. కానీ ‘నాచు’కు ‘రొయ్యలు’ యతి కుదరదు కనుక పరిష్కర్తలు ఒప్పుకోలేదు. పైగా నత్త డబ్బు పెట్టి కొనేది కాదు, మొక్క కొంటే ఆకు కింద జిగురు గుడ్లుగా అదే వస్తుంది. మేత ఎక్కువేసే ఇంట్లో ఊరంత సంతానమవుతుంది, అది వేరే పద్యం.

నాలుగో పాదం శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకోరైన్‌ను ఉద్దేశించిందని పెద్దల ఊహ. ఈ మొక్క చోటు మారితే అలుగుతుంది. నాటిన కొద్దిరోజులకే ఆకులు గాజులా పలచబడి, వేలు తగిలితే జారిపోయే జావ అవుతాయి. సగంమంది అప్పుడే పీకి చెత్తబుట్టలో వేస్తారు. వేరు బాగానే ఉంటుంది. జావైన ఆకులు తీసేసి ఊరుకుంటే, కొన్ని వారాలకు ఇసుకలోంచి గోధుమరంగు మొన ఒకటి పైకొస్తుంది. ‘అపుడె’ అంటే ఇది.