చార్జీవని: నల్ల తెర మీద ఒక టీక

మూలం: “నల్లగ పెట్టుకో, చార్జింగ్ ఆగుతది.”

అవతారిక. మిట్టమధ్యాహ్నానికే ఫోను చచ్చిపోతున్నదని సిద్దిపేట పాత బస్టాండు దిక్కు సెల్ దుకాణానికి పోయినవారికి ఉపదేశింపబడే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమని పలువురి నమ్మకం. 2016 అక్టోబరు దాకా ఈ ఊరు మెదక్ జిల్లాలోనిదే. ఆ మెదక్ సీమలోని కొల్చారమే కోలాచల మల్లినాథ సూరి ఊరని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలకు సంజీవని, నైషధానికి జీవాతువు అని తన టీకలకు ఆయుష్షు పోసే పేర్లు పెట్టిన ఘనుడాయన. ఆ వరుసలోనే దీనికి చార్జీవని అని నామకరణం. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమాల్లో మొదటిది ఇక్కడ పాటింపబడుతుంది. రెండోది ఫోన్ల గురించి మాట్లాడేవాడికి అలవి కాని పని.

ప్రతిపదార్థం. నల్లగ = తెర నేపథ్యము తెలుపు మాని నలుపగునట్లు, అనగా డార్క్ మోడ్‌గా; పెట్టుకో = సెట్టింగులలోనికి పోయి మార్చుకొనుము; (అట్లు చేసినచో) చార్జింగ్ = బ్యాటరీయందు మిగిలిన విద్యుత్తు; ఆగుతది = పొద్దుగూకు వరకు నిలుచును. అన్వయం సులభమే. చిక్కంతా వాక్యం చెప్పకుండా వదిలేసిన దానిలో ఉంది. ఏ రకం తెర? ఎంత వెలుగులో? ఈ రెండు ఆకాంక్షలూ తీరనిదే వాక్యం ప్రమాణం కాజాలదు. రెండింటిలోనూ రెండోదే బలవత్తరమనీ, మూలకారుడు నలుపును పొగిడి వెలుగును మరిచాడనీ ఈ టీకాకారుడి పక్షం.

ముందు తెర సంగతి. ఎల్‌సీడీ తెర తోలుబొమ్మలాట వంటిది. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవస్ఫటికాలు ఆ వెలుగును ఎక్కడ వదలాలో, ఎక్కడ అడ్డుకోవాలో మాత్రమే చూసుకుంటాయి. బొమ్మ ఎంత నల్లనిదైనా దీపానికి పట్టే నూనె తగ్గదు. అమోలెడ్ తెరకు వెనక దీపమే లేదు. అందులో ప్రతి చుక్కా తనంత తాను వెలుగుతుంది, నలుపు కావలసిన చోట ఆరిపోతుంది. తెలుపు కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వెలగాలి. అందులో నీలం తిండిపోతు. కాబట్టి తెల్లని పేజీ మీద అమోలెడ్ తెర ఎల్‌సీడీ కంటే ఎక్కువ తినే సందర్భాలూ ఉన్నాయి. ఇందువల్ల మూలవాక్యానికి ఎల్‌సీడీ ఫోను గలవాడు అధికారి కాడని తేలింది. తక్కువ ధర ఫోన్లలో ఇంకా ఎల్‌సీడీయే కనిపిస్తుంది గనుక, ఈ ఉపదేశం పొందినవారిలో కొందరికి మంత్రం పనిచేయకపోవడం వారి భక్తిలోపం కాదు.

పూర్వపక్షి అంటాడు: కొన్ని ఎల్‌సీడీ ఫోన్లు బొమ్మ నల్లబడినప్పుడు వెనక దీపాన్ని కూడా కాస్త తగ్గిస్తాయి కదా? నిజమే. అయితే నల్లని పేజీ మీద తెల్లని అక్షరాలు ఉండనే ఉంటాయి; దీపం బాగా తగ్గిస్తే అవి మాసిపోతాయి. అందుచేత ఆ తగ్గింపు కంటితుడుపే.

ఇక వెలుగు సంగతి. 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు అమోలెడ్ తెరల ఫోన్లలో మ్యాప్స్, న్యూస్, యూట్యూబ్ వంటి ఆరు యాప్‌లను పెట్టి కొలిచారు. వెలుగు నూటికి 30 నుంచి 50 వంతుల్లో ఉన్నప్పుడు తెలుపు నుంచి నలుపుకు మారితే సగటున మిగిలింది 3 నుంచి 9 శాతం. వెలుగు నూటికి నూరు పెట్టినప్పుడు మిగిలింది 39 నుంచి 47 శాతం. నలుపు అదే, తెర అదే. ఫలం మాత్రం ఇంత తేడా. సిద్దిపేట–సికింద్రాబాద్ రైలులో కూర్చుని సగం వెలుగుతో వార్తలు చదివేవాడికి మూలవాక్యం ఇచ్చేది చిల్లర. మే నెల మధ్యాహ్నం రంగనాయక సాగర్ కట్ట మీద నిలబడి, తెర కనబడక వెలుగును కొసదాకా నెట్టినవాడికి అదే వాక్యం కొంగుబంగారం.

ఇక్కడొక విడ్డూరం. ఫలం ఎక్కువున్న చోటే ఆచరణ కష్టం. నల్లని తెర మీద ఆకాశం, సొంత ముఖం, చొక్కా గుండీలు ప్రతిఫలిస్తాయి. నల్లని పేజీ మీది తెల్లక్షరం కంటే తెల్లని పేజీ మీది నల్లక్షరమే ఎండలో తేలికగా చదవబడుతుంది. అట్లయితే వాక్యం వ్యర్థమా అంటే, కాదు. దారి చూపించే మ్యాపునో, మోగుతున్న ఫోన్ ఎవరిదో చూడడానికి నలుపు చాలు. పెద్ద వ్యాసం చదవాలనుకునేవాడు చెట్టు నీడకు రావాలి. నీడకు రాగానే వెలుగు తగ్గించవచ్చు. తగ్గించగానే నలుపు అక్కర కూడా చాలావరకు తీరిపోతుంది.

నలుపంటే కాటుక నలుపా, బూడిద నలుపా అని వ్యాఖ్యాతల మధ్య ఒక జగడం ఉంది. చాలా యాప్‌ల డార్క్ మోడ్ ముదురు బూడిద రంగే. చుక్కలు పూర్తిగా ఆరవు. కానీ ఆ మసక వెలుగుకు ఖర్చయ్యేది అతి స్వల్పం గనుక ఈ జగడం నిష్ఫలం. రీల్స్ చూసేవాడికైతే ఏ నలుపూ దిక్కు కాదు: పెళ్లి వీడియోలో తెల్లని పందిరి తెల్లగానే వెలుగుతుంది, సెట్టింగు దాన్ని ముట్టుకోదు. తెర సెకనుకు 120 సార్లు మారే ఫోన్లలో ఆ ఖర్చు వేరు; కదలిక లేనప్పుడు దాన్ని ఒక్కసారికి దించే ఎల్‌టీపీఓ తెరలు ఖరీదైన ఫోన్లలోనే ఎక్కువ, ప్రస్తుతానికి అప్రస్తుతం.

పాఠాంతరం. “వెలుగు తగ్గించుకో, చార్జింగ్ ఆగుతది” అనే పాఠం ఎల్‌సీడీకీ అమోలెడ్‌కూ, వార్తలకూ రీల్స్‌కూ సమానంగా అన్వయిస్తుంది. పైగా ఆ పర్డ్యూ కొలతల్లోనే, పిక్సెల్ 5 ఫోనులో న్యూస్ యాప్‌ను నూటికి 20 వంతుల వెలుగులో తెల్లగా ఉంచినా, 50 వంతుల వెలుగులో నల్లగా ఉంచినా ఖర్చు ఒకటేనని తేలింది. కనుక ఈ పాఠమే గ్రాహ్యం. అయితే దుకాణంలో దీనికి ఆదరణ లేదు. ఆటో బ్రైట్‌నెస్ అనే మరో వ్యాఖ్యాత కూడా, గడప దాటి ఎండ తగిలిన మరుక్షణం, దీన్ని ఖండిస్తాడు.