పందికి సంతకం ఎవరు పెట్టాలె?

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబర్‌లో తాళం పడ్డప్పుడు కార్మికుడు ఏడ్చాడు, చెరుకు రైతు ఏడ్చాడు, లారీ ఓనరు ఏడ్చాడు, గేటు ముందు మిర్చీ బజ్జీలు వేసే ఆమె కూడా ఏడ్చింది. ఏడవనిది ఒక్క అడవి పంది. 1937లో పుట్టి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న ఫ్యాక్టరీ పోయిందని అది ఒక్క పూట కూడా పస్తుండలేదు. చెరుకు తగ్గినచోట రైతు మక్క వేశాడు, సోయా వేశాడు, వరి వేశాడు. పంది కూడా వెంటనే పంట మార్పిడి చేసుకుంది. వ్యవసాయ శాఖ ఏళ్ల తరబడి చెప్పినా మనకెక్కని పాఠం దానికి ఒక్క సీజన్‌లో ఎక్కింది.

నిజాంసాగర్ కాలువ నీళ్లు తాగి పెరిగిన ఈ నేలలో మిగిలిన చెరుకు తోటలు పందికి ఇల్లు, మక్క చేన్లు హోటలు. పగలు ఇంట్లో పడుకుంటుంది, రాత్రి హోటలుకు పోతుంది. బిల్లు రైతుకొస్తుంది. పసుపు తినదు కదా అని ధైర్యంగా పసుపు పెట్టినవాళ్లున్నారు. తినదు, నిజమే. కానీ వానపాముల కోసం బోదెలు మొత్తం తిరగదోడి పోతుంది. పసుపు రైతులు 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి గుంపుగా నామినేషన్లు వేసి, పోటీదారుల లెక్కను 185కు చేర్చి, దేశమంతా మన దిక్కు చూసేటట్టు చేశారు. చివరికి 2025లో పసుపు బోర్డు వచ్చింది. పంది బోర్డు కోసం ఎన్ని నామినేషన్లు వేయాలో, పసుపు బోర్డుకు రాసిచ్చినట్టు ఎవరు బాండు పేపరు రాసిస్తారో చూడాలి.

ఇంతకూ అడవి పంది హోదా ఏమిటి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చాలాకాలం అది మూడో షెడ్యూల్‌లో ఉండేది. 2022లో చట్టం సవరించారు, 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, పంది రెండో షెడ్యూల్‌కు ఎక్కింది. అంతమంది మక్క రైతులకు ఇన్నేళ్లలో రాని ప్రమోషన్ అది. అదే సవరణలో ఎర్రమూతి కోతిని జాబితాలోంచే తీసేశారు. అంటే కాగితం మీద కోతికి దిక్కు లేదు. అయినా హనుమంతుడి బలగం కాబట్టి దాని మీద చెయ్యి వేసే మొనగాడు ఊళ్లో లేడు. పంది కూడా వరాహావతారమే, దశావతారాల వరసలో మూడోది. కానీ దానికి గుడి మెట్ల మీద అరటిపండు పెట్టేవాళ్లెవరూ కనబడరు. నందిని పంది, పందిని నంది చేయడం మనకు కొత్త కాదు గానీ, ఇంత పకడ్బందీగా షెడ్యూలు వేసి చేయడం ఇదే మొదలు.

పొలం నాశనం చేస్తే పందిని కాల్చొచ్చని చట్టంలో ఉంది. పదకొండో సెక్షన్ ప్రకారం ప్రాణానికో ఆస్తికో ముప్పు అయితే, నిలబడ్డ పంట కూడా ఆస్తి కిందికే వస్తుంది కాబట్టి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చినవాళ్లు కారణాలు రాసి అనుమతించాలి. రైతు హైదరాబాద్ దాకా ఏం తిరుగుతాడులే అని తెలంగాణ సర్కారు ఆ అధికారాన్ని సర్పంచులకు ఇచ్చింది, గౌరవ వార్డెన్ హోదాతో. గుర్తింపు ఉన్న షూటర్‌ను పిలవాలి, లెక్క రాయాలి. బాగానే ఉంది. తీరా చూస్తే 2024 ఫిబ్రవరి వచ్చేసరికి సర్పంచుల పదవీకాలం అయిపోయింది. ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ఊళ్లలో సర్పంచ్ లేడు, పంది ఉంది. ప్రజాస్వామ్యానికి విరామం ఉంటుంది, పందికి ఉండదు. ఈతకు నాలుగైదు పిల్లలతో అది తన సభ్యత్వ నమోదు కొనసాగించింది.

ఆ రెండేళ్లలో మన దిక్కు ఏ ఆఫీసులోనైనా ఈ ముచ్చట ఇట్లనే నడిచి ఉంటుందని నా ఊహ:

"సారూ, రెండెకరాల మక్క మొత్తం మేసిపోయినయ్. పర్మిషన్ కావాలె."

"సర్పంచ్ సంతకం తీస్కరా పటేలా."

"సర్పంచ్ లేడు గద సారూ."

"అయితే ఎన్నికలైనంక రా."

"అప్పటిదాక పందులకు ఏం జెప్పాలె?"

"మాక్కూడ స్టాఫ్ లేరని చెప్పు."

ఇప్పుడు పెద్దల సంగతి. ఈ పంది మీద ఇద్దరు తగాదా పడుతున్నారు. ఇద్దరూ జంతువులను ప్రేమిస్తామనేవాళ్లే. ఒకరు జంతు హక్కులవారు. వీళ్ల లెక్కలో ఒక్కో ప్రాణం ఒక్కో లోకం. ఈ పందికి నొప్పి తెలుసా లేదా అన్నదే ప్రశ్న, జాతి, సంఖ్య వంటివి తర్వాత. రెండోవారు వన్యప్రాణి సంరక్షకులు. వీళ్లకు అడవి ముఖ్యం, జాతి ముఖ్యం. పదివేల పందుల్లో వంద పోయినా పందిజాతి ఉంటుంది, పులి తిండికి లోటు రాకుంటే చాలు. మొదటివారి పెద్ద పుస్తకం పీటర్ సింగర్ 1975లో రాశాడు. రెండోవారి పెద్దాయన ఆల్డో లియోపోల్డ్ అడవి శాఖ ఉద్యోగి, పైగా వేటగాడు; ఆయన పుస్తకం ఆయన పోయాక 1949లో వచ్చింది. ఆ దారిలో పోతే మంద కోసం ఒక్కో ప్రాణిని బలిచ్చే నియంతృత్వమే వస్తుందని మొదటివారిలోని టామ్ రీగన్ 1983లో మండిపడ్డాడు. అంతకు మూడేళ్ల ముందే కాలికాట్ అనే అమెరికా తత్వవేత్త ఇది మూడు మూలల వ్యవహారమని తేల్చాడు: మనిషే గొప్ప అనేవాళ్లు ఒక మూల, ప్రతి జంతువుకూ హక్కుందనేవాళ్లు ఒక మూల, నేలా అడవీ మొత్తంగా బాగుండాలనేవాళ్లు మరో మూల. నాలుగో మూలన మక్క చేను ఉంటుందని, అందులో మంచె మీద టార్చిలైటు పట్టుకుని ఒకాయన కూర్చుని ఉంటాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ తగాదా ఢిల్లీ దాకా పోయినప్పుడు మన రాష్ట్రానికి కూడా అందులో వాటా దక్కింది. 2015 డిసెంబర్‌లో కేంద్రం బిహార్‌లో మనుబోతులను పంటనాశక జంతువులుగా ప్రకటించింది. 2016లో వాటిని కాల్చడానికి మొకామాకు హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్లారు. రెండొందలకు పైగా మనుబోతులు కూలాయి. అప్పుడు కేంద్ర మంత్రి మేనకా గాంధీ, అదే మంత్రివర్గంలోని జవదేకర్ పర్యావరణ శాఖకు చంపే యావ పట్టుకుందని బహిరంగంగా దులిపేశారు. రాష్ట్రాలు అడిగాయి, మేం ఒప్పుకున్నాం అని ఆయన. ఒకే ప్రభుత్వం, రెండు కుర్చీలు, మధ్యలో మనుబోతు. సుప్రీంకోర్టు ఆ జూన్‌లో స్టే ఇవ్వనంది.

రెండేళ్లు దాటాక ఆదిలాబాద్ అవతల, పెన్‌గంగ దాటితే వచ్చే పాండర్‌కవడా అడవుల్లో అవని అనే ఆడపులిని 2018 నవంబర్ 2 రాత్రి కాల్చేశారు. పదమూడు మంది ప్రాణాలు తీసిందని దాని మీద అభియోగం. తుపాకీ పట్టింది మళ్లీ హైదరాబాద్ వాళ్లే. బిర్యానీ, ముత్యాల తర్వాత మన రాజధాని బయటి రాష్ట్రాలకు పంపే మూడో సరుకు షూటర్లన్నమాట. మేనకా గాంధీ ఈసారి మహారాష్ట్ర మంత్రి మీద పడ్డారు. అవని కోసం కొవ్వొత్తులు వెలిగాయి. వెలగనీ, తప్పులేదు. పులి పోయిన పద్ధతి మీద అనుమానాలు ఉండాల్సినవే. అయితే ఆ పదమూడు మందికి కూడా ఊళ్లూ ఇళ్లూ ఉండేవి. ఆ ఊళ్లలో కొవ్వొత్తులు కరెంటు పోయినప్పుడు వెలిగిస్తారు.

సరే, చంపకుండా కాపాడుకునే దారి లేదా? ఉంది, మన వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఎన్నో చెప్పింది. చేను చుట్టూ ఆముదం నాలుగు సాళ్లు వేయాలి, ముళ్ల కుసుమ వేయాలి, కోడిగుడ్డు ద్రావణం కొట్టాలి, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాలి. నేను వెక్కిరించడం లేదు. కొన్నిచోట్ల ఇవి పనిచేస్తాయి కూడా. మనవాళ్లు వీటికి తోడు పాత చీరలు కట్టారు, కుక్కల అరుపు రికార్డు చేసి మైకులో రాత్రంతా వినిపించారు. మొదటి వారం పంది భయపడింది. రెండో వారం ఆ అరుపు వినబడ్డ దిక్కే మక్క ఉందని కనిపెట్టింది. ఝట్కా మిషన్ అని సోలార్ కంచె ఒకటుంది. కొట్టీ కొట్టనట్టు షాక్ ఇచ్చి తరుముతుంది, చంపదు. ఉన్నవాటిలో అది మేలు. కానీ డబ్బుల పని. కౌలు రైతు ఒకరి పొలానికి సొంత డబ్బుతో కంచె కట్టి, వచ్చే ఏడు ఆ పొలం వదులుకుని పోవాలి.

కోతికి మాత్రం సర్కారు కుటుంబ నియంత్రణ పెట్టింది. వానలు వాపస్ రావాలి, కోతులు వాపస్ పోవాలి అన్న హరితహారం నినాదం గుర్తుందిగా. కోతులు వాపస్ పోకపోయేసరికి మన పక్కనే నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబర్‌లో పునరావాస కేంద్రం తెరిచి ఆపరేషన్లు మొదలుపెట్టారు. పందికి ఆ ఏర్పాటూ లేదు.

ఇన్ని లేనిచోట ఉన్నదొక్కటే: తీగ. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఇనుప తీగ చేను చుట్టూ లాగి, ఒక కొస తీసుకుపోయి కరెంటు లైనుకు కొక్కెం వేయడం. దీనికి సర్పంచ్ సంతకం వద్దు, షెడ్యూలు వద్దు, పీటర్ సింగర్ వద్దు. పైగా 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు. కరెంటు కోతల కాలంలో పందికి సగం రాత్రైనా ఊపిరి ఉండేది, ఇప్పుడది కూడా లేదు. ఇది నేరమని రైతుకు తెలుసు, లైన్‌మన్‌కు తెలుసు, ఊరందరికీ తెలుసు.

ఈ తీగకు పక్షపాతం లేదు. పందిని చంపుతుంది, మేకను చంపుతుంది, కావలికి పోయిన కుక్కను చంపుతుంది. కవ్వాల్ పులుల అభయారణ్యం పక్కన, మందమర్రి దిక్కు, అడవి పందుల కోసం పెట్టిన కరెంటు ఉచ్చులో పులి పడి చచ్చింది. 2019లో దాని చర్మం అమ్మబోతూ దొరికారు. బోధన్ మండలం పెగడాపల్లి శివారులో కరెంటు తీగకే ఒకే ఇంటివాళ్లు ముగ్గురు బలయ్యారు. ఈ వాక్యానికి వ్యంగ్యం అతకదు, అతికించను.

లెక్క చూడండి. జంతు హక్కులవారు వద్దన్నది నొప్పి. తీగ దగ్గర నొప్పికి కొదవ లేదు. సంరక్షకులు వద్దన్నది జాతుల నష్టం. తీగ పందికీ పులికీ తేడా చూడదు. ఎవరు ఏ జంతువును ఎక్కడ కాల్చారో రాసుకునే తుపాకీని ఇద్దరూ చెరో కారణంతో అడ్డుకుంటారు. తుపాకీ అంటే క్రూరత్వం అని వీరు, తుపాకీ ఊరి చేతికిస్తే దొంగవేటకు లైసెన్స్ అని వారు. రెండూ వినదగ్గ మాటలే. కానీ ఇద్దరూ కలిసి గెలిపించింది మాత్రం లెక్కాపత్రం లేని తీగను.

కుక్కల ముచ్చట కూడా ఇదే తీరు, ఇంకా పెద్ద గొంతుతో. వీధికుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన వీధిలోనే వదలాలని 2001 నుంచీ కేంద్రం నిబంధన. 2023లో కొత్త నిబంధనలు వచ్చినా అదే దారి. హక్కులవారికి సంతోషం. సంరక్షకులకు మంట, ఎందుకంటే కుక్కలు మన దేశంలో ఎనభై రకాల అడవి ప్రాణుల మీద పడ్డాయని, వాటిలో ముప్పై ఒకటి ముప్పులో ఉన్న జాతులని అబి వనక్, ఆయన తోటి పరిశోధకులు లెక్క తీశారు. మరి ఆ ఆపరేషన్లకు డబ్బులు, డాక్టర్లు? ఆ మాట దగ్గర ఇరుపక్షాలకూ గొంతు తగ్గుతుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కలు చంపేసిన పసివాడి తండ్రి మన నిజామాబాద్ జిల్లా నుంచి వాచ్‌మన్ పనికి పోయినవాడు. 2026 జనవరిలో, కొత్త సర్పంచులు కుర్చీ ఎక్కి నెల తిరక్కముందే, నిన్నమొన్నటిదాకా మన జిల్లాలోనే ఉన్న కామారెడ్డిలో వీధికుక్కలను మూకుమ్మడిగా చంపించారని కేసులు నమోదయ్యాయి. ఎన్నికల్లో కుక్కల బెడద తీరుస్తామని మాటిచ్చారట. మన నాయకులు నిలబెట్టుకునే హామీలు ఏవో ఇప్పటికి తెలిసింది. మన శక్కర్‌నగర్ చిమ్నీ మాత్రం హామీల మీద హామీలు విని ఇప్పటికీ చల్లగానే ఉంది.

నా తీర్పు ఎవరికీ నచ్చదు, అయినా చెప్తాను. పంట మేసే పందిని లెక్క రాసి, బాధ్యత తెలిసిన చేతులతో కాల్చనివ్వండి. కౌలు రైతుకు కూడా అందేట్టు సోలార్ కంచెకు డబ్బులివ్వండి. నష్టపరిహారం వచ్చే పంట వేయకముందే ఇవ్వండి. కుక్కలకు విషం పెట్టే ఖర్చు ఆపరేషన్లకు పెట్టండి. హక్కులవారూ సంరక్షకులూ ఆ మూడు మూలల్లోనే ఉండి కొట్లాడుకోండి, అది మంచి కొట్లాట, అవసరం కూడా. కాకపోతే వచ్చే మీటింగు హైదరాబాద్ హోటల్లో కాకుండా బోధన్ పక్కన ఏదైనా మక్క చేను గట్టు మీద, రాత్రి పదకొండు దాటాక పెట్టుకోండి.

కొత్త సర్పంచులకు ఒక్క మాట. పందిని కాల్చడానికి మీ సంతకం సంగతి తర్వాత చూద్దాం. ఈలోపు మీ ఊరి శివారులో కొక్కెం వేసిన తీగలు ఎవరెవరివో మీకు తెలుసు. లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని పోయి ఈ వారంలోనే తీయించండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.